భుజం ఒప్పుకున్న గిటారే మీ గిటార్

భుజం కీలు అరిగిందని డాక్టరు ఎక్స్‌రే చూపించగానే గిటార్ వాయించేవాళ్ల మనసులో మెదిలే భయం ఒక్కటే: ఇక మానెయ్యాలేమో. డాక్టరు ఆ మాట అనకపోయినా గిటార్ కవర్లోకి, కవర్ అటక మీదికి వెళ్లిపోతాయి. యాభై ఏళ్లు దాటాక ఇష్టపడి నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లయితే ఇంకా తొందరగా చేతులెత్తేస్తారు. "ఈ వయసులో మనకెందుకులే" అని తమకు తామే సర్దిచెప్పుకుంటారు.

తొందరపడకండి. నొప్పితో వాయించేవాళ్లని దగ్గర్నుంచి గమనించండి. చాలామంది చేతుల్లో ఉండేది వాళ్ల ఒంటికి నప్పని గిటార్. దుకాణంలో మొదట చేతికిచ్చిందో, అబ్బాయి కాలేజీ రోజుల్లో వాయించి వదిలేసిందో, చర్చిలో ఎప్పట్నుంచో ఉన్నదో, ఆన్‌లైన్‌లో తగ్గింపు ధరకి వచ్చిందో అయి ఉంటుంది. చెప్పులు కొనేటప్పుడు పాదం పెట్టి చూస్తాం. గిటార్ దగ్గరికి వచ్చేసరికి కంపెనీ పేరు చూస్తాం, రంగు చూస్తాం, తీగ మీటి వింటాం. భుజాన్ని మాత్రం ఒక్క మాటైనా అడగం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. ముందు భుజాన్ని అడగండి, చెవిని తరవాత అడగండి. భుజానికి సుఖంగా ఉన్న గిటార్‌ని రోజూ చేతిలోకి తీసుకుంటారు. రోజూ చేతిలోకి తీసుకుంటేనే వాయిద్యం పలుకుతుంది.

ముందు డాక్టరు, తరవాత దుకాణం

"భుజం నొప్పి" అనే మాట కింద చాలా జబ్బులున్నాయి. ఎముకల చివర ఉండే మెత్తటి పొర, మనం వాడుకలో గుజ్జు అనేది, అరిగితే ఆస్టియో ఆర్థరైటిస్. ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన కీళ్ల మీదే తిరగబడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్. షుగరున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే ఫ్రోజెన్ షోల్డర్ వేరు. అక్కడ కీలు చుట్టూ ఉన్న పొర దళసరెక్కి బిగుసుకుపోతుంది.

ఈ తేడా మీ జేబుకి కూడా సంబంధించినదే. ఫ్రోజెన్ షోల్డర్ చాలామందికి ఏడాది నుంచి మూడేళ్లలోపు చాలావరకు సర్దుకుంటుంది. అలాంటప్పుడు కొత్త గిటార్ కొనేకంటే చిన్న గిటార్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని, ఫిజియోథెరపీ చేయించుకుంటూ ఆ కాలాన్ని దాటేయడం మేలు. అరుగుదల అయితే అది మీతోనే ఉంటుంది కాబట్టి దానికి తగ్గ వాయిద్యం కొనుక్కోవడమే తెలివైన పని.

రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు జారిపోవడం, జ్వరంతో పాటు కీలు వాచి ఎర్రబడటం వంటివి ఉంటే గిటార్ సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే కీళ్ల నొప్పిలే అని ఊరుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఏ భుజం? ఏ కదలిక?

కుడిచేతి వాటం ఉన్నవాళ్ల సంగతి చెబుతాను. ఎడమచేతి వాటం వాళ్లు దీన్ని తిరగేసి చదువుకోండి.

కుడి చెయ్యి గిటార్ బాడీ పైనుంచి దాటి తీగల మీదికి వస్తుంది. బాడీ మందంగా ఉంటే మోచేయి పక్కకి, ముందుకి నెట్టుకుపోతుంది. వెడల్పుగా ఉంటే మోచేయి పైకి లేస్తుంది. అలా లేచిన మోచేతిని గాల్లో ఆపి ఉంచే పని భుజం మీద పడుతుంది. అరగంట వాయిస్తే అరగంట సేపూ భుజం ఆ బరువు మోస్తూనే ఉంటుంది.

ఎడమ చేతి పని వేరు. అది ముందుకి, పక్కకి సాగి, అరచెయ్యి మన వైపు తిరిగేలా నెక్‌ని పట్టుకోవాలి. అలా తిరగడానికి భుజం కొంత బయటివైపు తిరగాలి. భుజంలోని ప్రధాన కీలు అరిగినప్పుడు మొదట తగ్గిపోయే కదలికల్లో ఇదొకటి. అందుకే మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టేసరికి ప్రాణం మీదికొచ్చేవాళ్లు అయిదో ఫ్రెట్ దగ్గర హాయిగా వాయించేస్తుంటారు. అక్కడ చెయ్యి ఒంటికి దగ్గరగా ఉంటుంది మరి.

ఇంట్లోనే మూడు కదలికలు నెమ్మదిగా చేసి చూడండి. ఇది రోగ నిర్ధారణ కాదు, గిటార్ ఎంపికకి పనికొచ్చే సమాచారం. నొప్పి రాగానే ఆపేయండి.

మొదటిది: మోచేతిని పక్కటెముకలకి ఆనించి, తొంభై డిగ్రీలు వంచి, ముంజేతిని తలుపు తెరిచినట్టు బయటికి తిప్పండి. ఎడమ చెయ్యి కొంచెమే తిరిగి ఆగిపోతోందంటే మీకు నెక్ దగ్గరగా ఉండే గిటార్ కావాలి.

రెండోది: చెయ్యిని ఎదురు భుజం మీద వేసుకోండి. భుజం పైభాగాన, కాలర్ ఎముక చివర నొప్పి పుడితే అక్కడి చిన్న కీలు ఇబ్బంది పడుతోందన్నమాట. గిటార్ స్ట్రాప్ బరువు ఎడమ భుజం మీద సరిగ్గా ఆ ప్రాంతంలోనే పడుతుంది. కాబట్టి మీకు బరువు ముఖ్యం.

మూడోది: చెయ్యిని పక్కనుంచి పైకెత్తండి. భుజం ఎత్తుకి అటూ ఇటూగా ఒకచోట నొప్పి పుట్టి, దాటాక తగ్గిపోతుంటే కండర బంధనాలు నలుగుతూ ఉండొచ్చు. ఇది కుడి భుజమైతే మోచేతిని పైకి లేపే పెద్ద బాడీ మీకు పనికిరాదు.

ఖాళీ చేతుల కొలత

దుకాణానికి వెళ్లేముందు చేయాల్సిన పని ఇది. చేతుల్లేని కుర్చీలో కూర్చోండి. రెండు చేతులూ కిందికి వేలాడదీసి, ఊపిరి వదిలి, భుజాల్ని జారనివ్వండి. ఇప్పుడు భుజాలు కదపకుండా మోచేతులు మాత్రమే వంచి, లేని గిటార్‌ని పట్టుకున్నట్టు పెట్టండి. ఏ నొప్పీ లేకుండా చేతులు ఎక్కడ ఆగుతాయో అదే మీ గిటార్ ఉండాల్సిన చోటు.

ఇంట్లో ఒకరిని టేపు పట్టమనండి. కుడి ముంజేతికి, పొట్టకి మధ్య ఉన్న ఖాళీ ఎంత? గిటార్ మందం అంతకి మించకూడదు. రొమ్ము ఎముక మధ్య నుంచి ఎడమ అరచేతి వరకు ఎంత? మొదటి ఫ్రెట్ అంతకంటే దూరంగా ఉండకూడదు. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. దుకాణంలో ఎవరెన్ని చెప్పినా ఆ కాగితమే మీకు దారి చూపాలి.

మందం, వెడల్పు

మన దుకాణాల్లో ఎక్కువగా వేలాడదీసి ఉండే అకూస్టిక్ గిటార్ ఆకారం పేరు డ్రెడ్‌నాట్. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1916లో ఆలివర్ డిట్సన్ అనే సంస్థ కోసం మొదట దీన్ని తయారుచేసింది. 1931 నుంచి సొంత పేరుతో అమ్మింది. అప్పటి బ్రిటిష్ యుద్ధనౌక పేరే దీనికి పెట్టారు. మైకులు అంతగా లేని రోజులవి. బాంజోలు, ఫిడేళ్ల హోరులో గిటార్ వినబడాలంటే బాడీ పెద్దదిగా ఉండాలి. అడుగుభాగం వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, మందం 12 సెంటీమీటర్ల పైమాట. మీ మోచేతిని పైకి లేపుతున్న ఆ సైజుకి కారణం అప్పటి అవసరం. ఈనాడు చర్చిలో వాయించినా, పెళ్లిలో వాయించినా ఎదురుగా మైకుంటుంది. ఇంట్లో వాయిస్తే వినేది మనమే. ఆ సైజు కోసం భుజాన్ని అరగదీసుకోవాల్సిన పని లేదు.

మరి ఏవి చూడాలి? మార్టిన్ కంపెనీ ఓఎమ్, ట్రిపుల్ ఓ అని పిలిచే ఆకారాలు నడుము దగ్గర సన్నబడి ఉంటాయి. వెడల్పు 38 సెంటీమీటర్లు, మందం పదిన్నర లోపు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వెడల్పు 37, మందం పది సెంటీమీటర్ల దరిదాపు. యమహా ఏపీఎక్స్ వంటి సన్నబాడీ గిటార్ల మందం ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లే. ఘనమైన చెక్కతో చేసే ఎలక్ట్రిక్ గిటార్లు నాలుగున్నర సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటాయి. డ్రెడ్‌నాట్‌తో పోలిస్తే ఎలక్ట్రిక్ మీద మీ ముంజేయి దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు ఒంటికి దగ్గరగా వస్తుంది. అరిగిన కీలుకి అది చాలా పెద్ద ఊరట.

చిన్న గిటార్ అనగానే సన్నది అనుకోకండి. టేలర్ జీఎస్ మినీ పేరుకి చిన్నదే. దాని వెడల్పు, నెక్ పొడవు తక్కువే గానీ మందం మాత్రం 11 సెంటీమీటర్లు దాటుతుంది. టేపు పెట్టి చూస్తే తప్ప ఇది కంటికి తెలియదు.

అంచు సంగతి కూడా చూడండి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ బాడీకి ముంజేయి ఆనే చోట, పొట్ట తగిలే చోట చెక్కని వాలుగా చెక్కారు. అంతకుముందు వచ్చిన టెలికాస్టర్ చదును పలకలా ఉండి, అంచులు ఒంటికి గుచ్చుకునేవి. అకూస్టిక్ గిటార్లలో కూడా ముంజేయి ఆనే అంచుని వాలుగా చేసే తయారీదారులున్నారు. కెనడాకి చెందిన లిండా మాంజర్ 1984లో జాజ్ గిటారిస్టు పాట్ మెథనీ కోసం 42 తీగల పికాసో గిటార్ చేస్తూ మరో ఉపాయం కనిపెట్టారు. బాడీ మందాన్ని రెండు వైపులా ఒకేలా ఉంచకుండా, వాయించేవారి చెయ్యి దాటే పైవైపు తగ్గించి, తొడ మీద ఆనే కిందివైపు పెంచారు. లోపలి గాలి పరిమాణం తగ్గకుండా చేతికి దారి దొరికింది. అలాంటి గిటార్ మనం కొనలేకపోవచ్చు. చెయ్యి దాటే చోట మందం తగ్గాలన్న సూత్రం మాత్రం ఏ దుకాణంలోనైనా పనికొస్తుంది. బాడీ అంచుకి తగిలించే ఆర్మ్‌రెస్ట్‌లు విడిగా దొరుకుతాయి. అంచు గుచ్చుకోకుండా అవి కాపాడతాయి గానీ భుజం ఎత్తుని తగ్గించవు.

మొదటి ఫ్రెట్ ఎంత దూరం?

ఎడమ భుజం ఇబ్బంది పెట్టేవాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇది.

తీగ పొడవుని స్కేల్ అంటారు. ఫెండర్ తరహా గిటార్లకి 64.8 సెంటీమీటర్లు, గిబ్సన్ తరహా వాటికి 62.8. తేడా రెండు సెంటీమీటర్లని సంబరపడతాం. నిజానికి బాడీ నుంచి మొదటి ఫ్రెట్‌కి ఉండే దూరంలో తగ్గేది ఒక సెంటీమీటరే. మిగతా తేడా బాడీ మీద ఉన్న భాగంలో కలిసిపోతుంది.

నెక్ బాడీతో ఏ ఫ్రెట్ దగ్గర కలుస్తుందో చూడండి. అసలు కీలకం అక్కడుంది. మామూలు స్టీల్ తీగల గిటార్లలో 14వ ఫ్రెట్ దగ్గర కలుస్తుంది. 12వ ఫ్రెట్ దగ్గర కలిసేవి కూడా ఉన్నాయి. బాడీ అదే, స్కేల్ అదే అయినా ఈ ఒక్క మార్పుతో మొదటి ఫ్రెట్ మూడున్నర సెంటీమీటర్లు మీ వైపు జరుగుతుంది. క్లాసికల్ గిటార్లు అన్నీ దాదాపు ఇలా 12వ ఫ్రెట్ దగ్గర కలిసేవే. ఒక ఇబ్బంది చెప్పాలి. క్లాసికల్ నెక్ వెడల్పు 5 సెంటీమీటర్లు దాటుతుంది. చిన్న చేతులున్నవాళ్లకి, మణికట్టు నొప్పి కూడా ఉన్నవాళ్లకి అది భారమనిపించొచ్చు.

కొనకుండానే ఈ దూరాన్ని పరీక్షించే సులువైన సాధనం కేపో. రెండో ఫ్రెట్ మీద కేపో బిగిస్తే మీ చెయ్యి దాదాపు ఏడు సెంటీమీటర్లు దగ్గరికొస్తుంది. అలా వాయించినప్పుడు భుజం నొప్పి తగ్గితే మీకు కావాల్సింది పొట్టి గిటారేనని తేలిపోయినట్టే. శ్రుతి పెరుగుతుందన్న చింత ఉంటే తీగల్ని రెండు మెట్లు కిందికి శ్రుతిచేసి, ఆ తరవాత కేపో పెట్టండి. పాట మామూలు శ్రుతిలోనే వినిపిస్తుంది.

సన్నటి ఎలక్ట్రిక్ గిటార్ కుడి భుజానికి మేలు చేస్తుందని చెప్పాను. ఎడమ భుజానికి ప్రతిసారీ అలా ఉండదు. గిబ్సన్ ఎస్‌జీ ఆకారంలో నెక్ బాడీ నుంచి బాగా బయటికి పొడుచుకుని ఉంటుంది. మొదటి ఫ్రెట్ మరింత ఎడమవైపు జరుగుతుంది. మెడలో వేసుకుని రెండు చేతులూ వదిలితే నెక్ నేల చూపు చూసే అవకాశం కూడా ఉంది. అలా వాలిపోయే ఏ గిటార్‌నైనా వాయించినంతసేపూ ఎడమ చేత్తో పైకి మోస్తూ ఉండాలి. నొప్పి ఉన్న భుజానికి ఇది రెండో ఉద్యోగం. నిలబడి, చేతులు వదిలి, గిటార్ నిలకడగా ఉందో లేదో చూసుకోండి.

బరువు

కూర్చుని వాయించేవాళ్లకి బరువు పెద్ద సమస్య కాదు, తొడ మోస్తుంది. ఆదివారం ఆరాధనలో గంటల తరబడి నిలబడి వాయించేవాళ్లకి, బృందాల్లో వాయించేవాళ్లకి బరువే ప్రధానం. అకూస్టిక్ గిటార్లు చాలావరకు రెండు కిలోల దగ్గర ఉంటాయి. స్ట్రాటోకాస్టర్ తరహావి మూడున్నర కిలోల దరిదాపు. లెస్ పాల్ తరహావి నాలుగు కిలోలు దాటుతాయి. తల భాగం లేకుండా, చిన్న బాడీతో వచ్చే హెడ్‌లెస్ ఎలక్ట్రిక్ గిటార్లు తేలిగ్గా ఉంటాయి. నెక్ వాలిపోదు కూడా.

స్ట్రాప్ కనీసం మూడంగుళాల వెడల్పు ఉండాలి. ఎడమ భుజం పైకీలు నొప్పి ఉన్నవాళ్లు రెండు భుజాల మీదా బరువు పంచే స్ట్రాప్ వాడొచ్చు. అన్నిటికంటే మంచిది పాస్టరు గారితోనో, బృందంలోని వాళ్లతోనో చెప్పి కుర్చీ వేసుకోవడం. కూర్చుని వాయిస్తే ఆరాధనకి వచ్చే లోటు ఏదీ లేదు.

లెస్ పాల్ చెయ్యి

గిబ్సన్ కంపెనీ 1952లో విడుదల చేసిన గిటార్ వల్ల లెస్ పాల్ అనే పేరు అందరికీ తెలుసు. ఆ మనిషి జీవితం మనం తెలుసుకోదగ్గది. 1948 జనవరిలో ఓక్లహోమాలో జరిగిన కారు ప్రమాదంలో ఆయన కుడి మోచేయి నుజ్జునుజ్జయింది. ఆ కీలుని మళ్లీ కదిలేలా చేయడం డాక్టర్ల వల్ల కాలేదు. చేతిని ఏదో ఒక కోణంలో శాశ్వతంగా బిగించేయక తప్పదు. గిటార్ పట్టుకుని తీగ మీటడానికి వీలయ్యే కోణంలో బిగించమని ఆయన కోరాడు. అలాగే చేశారు. ఆ చేత్తోనే ఆయన గాయని మేరీ ఫోర్డ్‌తో కలిసి 1950లలో ప్రపంచమంతా విన్న పాటలు రికార్డు చేశాడు. వయసు మీదపడ్డాక వేళ్లకి ఆర్థరైటిస్ వచ్చింది. వంగే వేళ్లతోనే వాయించే పద్ధతి మళ్లీ నేర్చుకున్నాడు. తొంభై దాటాక కూడా న్యూయార్క్‌లోని ఇరిడియం క్లబ్‌లో సోమవారాలు కచేరీ చేశాడు. 2009లో 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన చేతిని గిటార్‌కి తగ్గట్టు అమర్చుకోవాల్సి వచ్చింది. మనకి ఆ కష్టం లేదు. మన చెయ్యి ఏ కోణంలో సుఖంగా ఉంటుందో ఆ కోణానికి తగ్గ గిటార్‌ని ఎంచుకునే వీలుంది. ఆ వీలుని వాడుకోకుండా మానెయ్యడం మాత్రం న్యాయం కాదు.

దుకాణంలో

విజయవాడలో ఒక దుకాణానికి రిటైరైన లెక్కల మాస్టారు ఒకరితో కలిసి వెళ్లాను. ఆయనకి రెండు భుజాలూ అరుగుదలే, ఎడమది ఎక్కువ. సేల్స్ కుర్రాడు డ్రెడ్‌నాట్ దించి ఇచ్చాడు.

"ఇది తీసుకోండి అంకుల్. సౌండ్ గట్టిగా వస్తుంది. అందరూ ఇదే తీసుకెళ్తున్నారు."

"ముందు చేతుల్లేని కుర్చీ ఒకటి వెయ్యి బాబూ."

మాస్టారు కూర్చుని గిటార్ ఒళ్లోకి తీసుకున్నారు. కుడి మోచేయి బాడీ అంచు మీదికి ఎక్కగానే కుడి భుజం చెవి వైపు లేచింది. సి కార్డ్ పట్టారు. ఎడమ భుజం ముందుకి లాగినట్టయి, ఒళ్లంతా ఎడమవైపు ఒరిగింది. నాలుగు నిమిషాలు కాకముందే బొటనవేలితో ఎడమ జబ్బ నొక్కుకున్నారు.

"కేపో ఉందా?"

రెండో ఫ్రెట్ మీద కేపో పడింది. అదే కార్డ్, అదే పాట. ఈసారి ఎడమ మోచేయి కిందికి వేలాడింది, ఒళ్లు నిటారుగా అయింది. మాస్టారు జేబులోంచి కాగితం తీసి చూసుకున్నారు.

"నాకు కావాల్సింది ఈ ఏడు సెంటీమీటర్లు. ఆ నైలాన్ తీగలది ఇటివ్వు."

"దానికి సౌండ్ తక్కువ అంకుల్."

"నేను వాయించేది మా హాల్లో బాబూ. నాకు వినబడితే చాలు."

ఎడమ కాలి కింద ఫుట్‌స్టూల్ పెట్టుకుని, క్లాసికల్ గిటార్‌ని ఎడమ తొడ మీదికి మార్చి, నెక్‌ని పైకి లేపి పట్టుకున్నారు. నెక్ పైకి లేచేకొద్దీ ఎడమ చెయ్యి ముఖానికి దగ్గరగా, ఒంటికి దగ్గరగా వచ్చింది. ఇరవై నిమిషాలు వాయించారు. జబ్బ మీదికి చెయ్యి వెళ్లలేదు. నెక్ వెడల్పు అలవాటు కావడానికి కొంత సమయం పడుతుందని ఆయనే అన్నారు. భుజం సుఖపడుతుంటే వేళ్లు నేర్చుకోగలవు.

ఇందులో మీరు తీసుకోవాల్సింది ఆ గిటార్ పేరు కాదు. కుర్చీ అడగడం, ఇరవై నిమిషాలు కూర్చోవడం, చెయ్యి ఎక్కడికి వెళ్తోందో గమనించడం. అయిదు నిమిషాలకి చాలా గిటార్లు బాగానే అనిపిస్తాయి.

కుర్చీ కూడా గిటార్‌లో భాగమే

మన ఇళ్లల్లో గిటార్ ప్రాక్టీసు ఎక్కువగా సాగేది చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో, సోఫాలో, మంచం అంచున. ప్లాస్టిక్ కుర్చీ చెయ్యి గిటార్ అడుగుభాగానికి అడ్డం పడుతుంది. దాన్ని తప్పించడానికి గిటార్‌ని పైకి లేపుతాం, దాంతో భుజం కూడా లేస్తుంది. సోఫాలో నడుము లోపలికి కూరుకుపోయి భుజాలు ముందుకి వాలతాయి. భోజనాల బల్ల కుర్చీ గానీ, గట్టి స్టూలు గానీ మేలు. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. ఫుట్‌స్టూల్ వాడితే నడుం నొప్పి వచ్చేవాళ్లకి తొడ మీద పెట్టుకునే గిటార్ సపోర్టులు, దిండ్లు దొరుకుతాయి. రెండు పాదాలూ నేల మీదే ఉంచి నెక్‌ని పైకి లేపొచ్చు.

చేతులు ఎత్తక్కర్లేని దారి

ఏ గిటార్ ఒళ్లో పెట్టుకున్నా నొప్పి తగ్గనివాళ్లకి మన దేశంలోనే ఒక గొప్ప దారి ఉంది. గిటార్‌ని పడుకోబెట్టి వాయించడం. బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద కడ్డీ జార్చుతూ హిందుస్తానీ రాగాలు పలికించారు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన వాయించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డు దేశమంతా మోగింది. విశ్వమోహన్ భట్ ఆ దారిలోనే మోహనవీణ రూపొందించి, అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో చేసిన ఆల్బమ్‌కి 1994లో గ్రామీ అందుకున్నారు.

ఈ పద్ధతిలో రెండు మోచేతులూ పక్కటెముకలకి దగ్గరగానే ఉంటాయి. నెక్ చుట్టూ చెయ్యి తిప్పాల్సిన పని లేదు, తీగ నొక్కాల్సిన పని కూడా లేదు. మామూలు గిటార్ తీగల్ని ఎత్తులో నిలిపే చిన్న లోహపు నట్ ఒకటి, స్టీల్ బార్ ఒకటి ఉంటే ఉన్న గిటార్‌తోనే మొదలుపెట్టొచ్చు. కార్డ్‌లు పట్టి పాడుకోవడం దీంతో తగ్గుతుంది, గమకం మాత్రం చేతికొస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఇది పుట్టింటికి వెళ్లినట్టుంటుంది.

కార్డ్‌లే కావాలనుకుంటే బారిటోన్ యుకులేలే చూడండి. దాని నాలుగు తీగల శ్రుతి గిటార్ కింది నాలుగు తీగల శ్రుతే. నేర్చుకున్న కార్డ్‌లు వృథా కావు, చెయ్యి సాగదీయాల్సిన దూరం బాగా తగ్గుతుంది.

ఈ వారం చేయండి

కొత్తది కొనేముందు ఉన్న గిటార్‌తో ఇవి చేసి చూడండి.

1. రెండు భుజాల మూడు కదలికలు పరీక్షించి, ఏది నొప్పి పుట్టిస్తోందో రాసుకోండి.

2. ఖాళీ చేతుల కొలత తీయించుకోండి. మీ గిటార్ మందం, మొదటి ఫ్రెట్ దూరం టేపుతో కొలిచి పక్కన రాయండి. తేడా ఎంతో కంటికి కనబడుతుంది.

3. కుర్చీ మార్చండి. నెక్‌ని చుబుకం ఎత్తుకి లేపి వాయించండి.

4. కేపో రెండో ఫ్రెట్ మీద పెట్టి ఒకరోజు, తీసేసి ఇంకోరోజు వాయించి పోల్చండి.

5. తీగలు సన్నవి వేయించి, గిటార్ మెకానిక్ చేత యాక్షన్ (ఫ్రెట్‌ల మీద తీగల ఎత్తు) తగ్గించుకోండి. తీగ తేలిగ్గా నొక్కుడుపడితే వేళ్లలో బిగువు తగ్గుతుంది. వేళ్ల బిగువు తగ్గితే భుజం బిగువు కూడా తగ్గుతుంది.

6. ఒక్కో విడత పది పదిహేను నిమిషాలకి మించకుండా వాయించండి. ఆపేసిన రెండు గంటల తరవాత కూడా నొప్పి మునుపటికంటే ఎక్కువగా ఉంటే మర్నాడు సమయం సగానికి తగ్గించండి.

ఈ మార్పులతో నొప్పి అదుపులోకి వస్తే డబ్బు ఖర్చుపెట్టాల్సిన పని లేదు. రాకపోతే ఏ కొలత మారాలో మీ కాగితం మీద అప్పటికే రాసి ఉంటుంది. కుడి భుజమైతే మందం, వెడల్పు తగ్గించండి. ఎడమ భుజమైతే మొదటి ఫ్రెట్‌ని దగ్గరికి తెచ్చుకోండి. నిలబడి వాయించేవాళ్లు బరువు తగ్గించండి. మూడూ కావాలంటే సన్నబాడీతో, 12వ ఫ్రెట్ దగ్గర కలిసే చిన్న గిటార్ వెతకండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకునే షరతులు ముందే చదువుకోండి. వచ్చిన రోజే ఇరవై నిమిషాలు కూర్చుని పరీక్షించండి, మర్నాడు పొద్దున్న భుజం ఎలా ఉందో చూసి అప్పుడు ఉంచుకోవాలో వద్దో తేల్చుకోండి.

ఇన్నేళ్లు బరువులు మోసి, పిల్లల్ని ఎత్తుకుని, బస్సుల్లో కడ్డీలు పట్టుకుని, కంప్యూటర్ల ముందు వంగి అరిగిన భుజం అది. దానికి నచ్చిన వాయిద్యం వెతికిపెట్టడం విలాసం కాదు, దాని బాకీ తీర్చడం. సంగీతం మీకు ఇష్టమైతే ఆ వెతుకులాటకి ఒక వారం కేటాయించండి. అటక మీది గిటార్‌ని ఈ రోజే కిందికి దించి, టేపు పట్టుకుని మొదటి కొలత తీయండి.